రాయి నాకే సారు

మొన్న మా పెరట్లో బట్టలుతుక్కునే చోట కొత్త బండ వేయించాను. మేస్త్రీ సిమెంటు కలుపుతుంటే, గోడకు ఆనించిన నాపరాయి దగ్గరికి పోయి, వంగి, దాని అంచును నాలుకతో నాకాను. అరవై నాలుగేళ్ల మనిషిని. పట్టపగలు.

మేస్త్రీ చేతిలో తాపీ ఆగిపోయింది.

"ఏమ్మా, ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

"ఏ పక్క పైకి వేస్తే బాగుంటుందో చూస్తున్నానయ్యా."

"నాకితే తెలుస్తాదా అది? ముప్పై ఏండ్ల నుంచి బండలు పరుస్తాండా, ఒక్క తూరి గూడా నాకలేదు నేను."

"అందుకే నువ్వు మేస్త్రీవయ్యావు. నాకినాయన సైంటిస్టయ్యాడు," అన్నాను. మేస్త్రీ నా మొహం చూసి, ముసలామెకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, నీడకు పోయి కూచోమన్నాడు. పోయి కూచున్నాను. అక్కడ కూచుని తలుచుకున్నదే ఇదంతా.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన ఊళ్లో ఇద్దరు ముగ్గురికి కష్టంగా ఉంటుంది, వాళ్లు చెడ్డవాళ్లు కారు. కాలేజీ పిల్లలు పెట్టిన పేరు ఒకటి ఉంది, అది చాలు. రాయి నాకే సారు.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. ఆయన జియాలజీ. మామూలుగా ఈ రెండింటికీ స్టాఫ్‌రూములో కుర్చీల వరస తప్ప వేరే చుట్టరికం ఉండదు. కానీ జియాలజీ పిల్లల్ని ఏడాదికోసారి కొండల్లోకి తీసుకుపోవాలి. ఆడపిల్లలుంటే తోడుగా ఒక లేడీ లెక్చరరు ఉండాలి. మా కాలేజీలో లేడీ లెక్చరర్లందరికీ ఎండ పడదు. నాకూ పడదని చెప్పడానికి నోరు తెరిచేలోపు ప్రిన్సిపాలు నా పేరు రాసేశాడు. అట్లా పదకొండేళ్లు ఆయన వెనకాల గండికోట దారుల్లో, ఎర్రమల కొండల్లో గొడుగు పట్టుకుని తిరిగాను.

మొదటి ట్రిప్పులోనే చూశాను, ఆ నాకడం. రోడ్డు కోసం కొండను కోసిన చోట బస్సు ఆపించాడు. దిగి, ఒక పెళ్ల తీసుకుని, ప్యాంటుకు తుడుచుకుని, చల్లగా నాలుక మీద పెట్టుకున్నాడు. ఆడపిల్లలు "ఛీ" అన్నారు. నేను మనసులో అన్నాను.

"ఛీ కాదు పాపా. నాలికెకు అతుక్కుంటే బంకమన్ను పాలు ఎక్కువని. తడిసినాక చూడు, లోపలుండే చారలు ఎట్ల బయటపడ్తాయో. రాయి దప్పికతో ఉండేటప్పుడు మాట్లాడదు. రోంత నీళ్లియ్యల్ల."

"అయితే బాటిల్లో నీళ్లు పోయొచ్చు గదా సార్?"

"ఈ ఎండలో బాటిల్లో నీళ్లు మీకు గావల్ల. నా నోట్లో ఊరేది నా సొంతం."

ఆయన మెడలో ఒక నల్లతాడు ఉండేది. దాని చివర ఉన్నది చొక్కా లోపల దాగి ఉండేది. అది సిలువ అని కాలేజీ అంతా అనుకునేది. ఫిజిక్సు సారైతే, "లోపలెందుకప్పా, బయటికేసుకో, మేమేం కొరుక్కుతింటామా?" అని ఆట పట్టించేవాడు. ఆయన చర్చిలోనూ అది సిలువే అనుకున్నారట. కొత్తగా వచ్చిన పాస్టరు ఒకాయన, మన సంఘంలో నగలూ సిలువలూ మెడలో వేసుకోకూడదు సార్, అని మెల్లగా మందలించాడట కూడా. నిజానికి అది భూతద్దం. రాయిలో రవ్వలు చూసుకునే చిన్న భూతద్దం. అక్కడ సిలువ అని ఎగతాళి చేసినవాళ్లకూ చెప్పలేదు, ఇక్కడ సిలువ అని మందలించినవాళ్లకూ చెప్పలేదు. "చెప్తే రెండుచోట్లా నిరాశపడ్తారు మేడం," అన్నాడు నాతో.

సుత్తి ఎత్తే ముందు రాతి మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఒక్క నిమిషం. పిల్లలు కూడా నోరు మూసుకునేవారు, సారు ప్రార్థన చేస్తున్నాడని. నాకది నచ్చేది కాదు. సర్కారు కాలేజీ, పాఠం మధ్యలో ఇదేంటి అనిపించేది. రెండో ఏడు అడిగేశాను.

ఆయన గట్టిగా నవ్వాడు. "ప్రార్థన గాదు మేడం. మా నాయన నేర్పించింది. ఎర్రగుంట్ల పక్కన బండలగనిలో ఆయన కూలీ. చెయ్యి పెడితే యాడ పొర విడిపోతాదో తెలుస్తాదనేటోడు. కండ్లు తెరిచింటే చెయ్యి సరిగా ఇనదంట. ప్రార్థన చేసేటప్పుడు నేను సుత్తి పట్టుకోను."

అది నిజమే. ప్రార్థన అన్నానికి ముందు చేసేవాడు, చెట్టు కిందికి పోయి, ఎవరికీ వినపడకుండా. కాస్త పొడుగ్గానే చేసేవాడు. ఆయన కళ్లు తెరిచేసరికి ఆయన విస్తరిలో వడ మాయమయ్యేది. ఏ పిల్లవాడు తీశాడో ఆయనకు తెలుసు, అడిగేవాడు కాదు.

పదకొండేళ్లలో నాకు ఒక్కసారి కూడా ఆయన దేవుడి గురించి చెప్పలేదు. నాకే కాస్త చిన్నతనంగా అనిపించింది, నన్ను మార్చేంత మనిషిగా కూడా లెక్కపెట్టలేదేమోనని. ఒకసారి బస్సులో అదే అన్నాను. "మీరు అడగలేదు గదా మేడం," అన్నాడు. అంతే, మళ్లీ కిటికీలోంచి కొండలు చూసుకుంటూ కూచున్నాడు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన మాట 'తెల్దు'. పరిశోధన కోసం ఏళ్ల తరబడి పెన్న గట్టంతా తిరిగి రాసుకున్న నోటుబుక్కులు నాకు చూపించాడు. పేజీకి రెండు చోట్ల తేదీ వేసి 'తెల్దు' అని రాసి ఉంటుంది. కొన్నిటి కింద అయిదారేళ్ల తర్వాతి తేదీతో 'తెలిసింది' అనీ, దాని కిందే ఇంకో తేదీతో 'తప్పు, తెల్దు' అనీ ఉంటుంది. ఇదేం రాతండీ, పాసు మార్కులు కూడా రావు అన్నాను. "ఇదే సైన్సు మేడం. నా ప్రార్థన గూడా శానావరకు ఇదే," అన్నాడు. ఆ రోజు నేను దాన్ని చమత్కారం అనుకున్నాను. ఆయన చమత్కారాలు ఆడే మనిషి కాదని తెలియడానికి నాకు ఇంకొన్నేళ్లు పట్టింది.

ఆయన భార్య నలభై నిండకుండానే పోయింది. కడుపులో గడ్డ. ఏడాదిపాటు ఆసుపత్రులకు తిప్పాడు, రాత్రీ పగలూ ప్రార్థన చేశాడు. పిల్లలు లేరు. ఆమె పోయిన వారంలో చర్చికి చెందిన పెద్దమనిషి ఒకాయన వచ్చి, స్కానింగుల మీద పెట్టిన నమ్మకం ప్రభువు మీద పెట్టింటే బతికేదేమో అన్నాడట. అదే వారంలో మా స్టాఫ్‌రూములో ఫిజిక్సు సారు, బాధతోనే అన్నాడు, తిట్టాలని కాదు, "ఇన్ని ప్రార్థనలు చేస్తివి గదప్పా, ఎవరు ఇనిరి?" అని. ఈ రెండు మాటలూ ఆయన నాకు ఒకే ఊపిరిలో చెప్పాడు, మైదుకూరు దాటాక బస్సులో.

"మీరేమన్నారు?"

"ఇద్దరికీ తెల్దనే చెప్పినా. నాకు నిజంగా తెల్దు మేడం."

ఆ తర్వాత కడపలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడే ఉండేవాడు. మంచం కిందా మంచం మీదా రాళ్లే. పడుకునే చోటు కోసం రాళ్లను జరిపేవాడు గానీ రాళ్ల కోసం వేరే గది చూసుకోలేదు. మధ్యాహ్నం క్యారియరు స్టాఫ్‌రూములో విప్పేవాడు కాదు, ల్యాబులో రాళ్ల పెట్టెల మధ్య కూచుని తినేవాడు. స్టాఫ్‌రూములో కొత్తవాళ్లకు ఆయన్ను పరిచయం చేసేటప్పుడు మావాళ్లు, "చర్చి మనిషి, అయినా సబ్జెక్టులో గట్టోడు," అనేవారు. వాళ్ల చర్చిలో పరిచయం చేసేటప్పుడు, "రాళ్ల చదువు చదివినాడు, అయినా భక్తిపరుడు," అనేవారట. ఒకరోజు వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మేడం, ఈ 'అయినా' అనేది వ్యాకరణంలో ఏందవుతాది?"

"అవ్యయం."

"కాదు మేడం. నా ఇంటిపేరు."

ఆయన సొంత ఊరు కమలాపురం దగ్గర చిన్న పల్లె. పల్లెకు ఒక పక్కగా, ఊళ్లోవాళ్లు అడుగుపెట్టని వాళ్ల పేట, పేటలో చర్చి. బండలగనిలో పనిచేసే కూలీలు వాళ్ల చేతులతో కట్టుకున్న చర్చి. నేల పరిచింది ఆయన నాయనే. అందులో ముందు వరసలో ఒక బండ మీద అలలు ఉన్నాయట. ఏట్లో నీళ్లు తీశాక ఇసుక మీద మిగిలే గీతల మాదిరి, రాతిలో. దాన్ని బోర్లా వేయాల్సింది. ఎందుకో ఆయన నాయన ఆ పక్కనే పైకి పెట్టి పరిచేశాడు. కూచుంటే గుచ్చుకునేది. అందుకని పెద్దవాళ్లెవరూ అక్కడ కూచునేవారు కాదు, చిన్నపిల్లల్ని తోసేవారు. ఆయన బాల్యమంతా ఆ బండ మీదే కూచున్నాడు. వాక్యం చదువుతుంటే వేలితో ఆ అలల మీద గీసుకుంటూ, రాతిలోకి ఏరు ఎట్ల వచ్చింది అని ఆలోచిస్తూ.

"దేవుడు, రాయి, రెండూ నాకు ఒకచోటే దొరికినాయి మేడం. ఒకటి చెవుల్లోంచి, ఒకటి పిర్రల కింద నుంచి," అన్నాడు. అని, ఆడమనిషి ముందు ఆ మాట అన్నందుకు చెవులు ఎర్రబడేదాకా సిగ్గుపడ్డాడు.

ప్రతి ఆదివారం మొదటి బస్సుకు ఆ ఊరు పోయేవాడు. ఆరాధనకు ముందు గంటసేపు పిల్లలకు ఆదివారపు బడి ఆయనదే. ఇరవై ఏళ్లకు పైగా చెప్పాడు. సోమవారం పొద్దున ఆయన మొహం చూస్తే తెలిసేది, నిన్న పిల్లలు ఏమడిగారో చెప్పాలని వచ్చాడని. ఆ మనిషికి వారంలో ఆ ఒక్క గంటే జనం. మిగతా అంతా రాళ్లు.

ఆ గంట పోయిన సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆయన్ను అడిగింది. "సార్, మీరు కాలేజీలో ఈ బండలు కోట్ల ఏండ్లవి అని చెప్తారంట గదా. మరి ఈడ దేవుడు ఆరు దినాల్లో లోకమంతా చేసేసినాడంటాం. ఏది నిజం?"

ఆయన పిల్లలందరినీ ఆ అలల బండ చుట్టూ కూచోబెట్టి, చెంబుతో నీళ్లు పోసి, అరచేతులు పెట్టమన్నాడు. ఇది సముద్రం అడుగు, ఈ అలను చేసిన నీళ్లు పోయి కోట్ల ఏండ్లయింది అన్నాడు. చేసింది ఎవరు అంటే దేవుడే అన్నాడు. ఎట్ల చేసినాడు అంటే, అది నేను ఇంకా చదువుకుంటాండా అన్నాడు. పిల్లలకు అందులో ఏ చిక్కూ కనపడలేదు. నీళ్లలో చేతులు తడుపుకుని సంతోషంగా ఇళ్లకు పోయారు. చిక్కు ఇళ్లలో మొదలైంది.

సాయంత్రానికి పాస్టరుకు తెలిసింది. నల్లతాడును సిలువ అనుకున్నది ఈయనే. చిన్న వయసు, మంచివాడే. ఆయన భయం కూడా నాకు అర్థమవుతుంది. "పిల్లోళ్లు వాక్యంలో ఒక్క మాట నిజం గాదనుకుంటే, రేపు అన్ని మాటలూ అట్లనే అనుకుంటారు సార్. వాళ్లకు ఇంకేం మిగుల్తాది?" అన్నాడట. వచ్చే ఆదివారం సంఘం పెద్దలు కూచుంటారు, ఆరు దినాలంటే ఆరు దినాలేనని మీరు వాళ్ల ముందర, పిల్లల ముందర చెప్పాల, లేకుంటే బడి వేరేవాళ్లకు ఇస్తాం, అన్నాడు.

సోమవారం ఆయన నా దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి, కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"మేడం, దినం అంటే ఏంది?"

"సూర్యుడు లేచినప్పటి నుంచి..."

"అది గడియారం చెప్పేది. తెలుగు చెప్పేది గావల్ల నాకు."

నేను పంతులమ్మను గదా, అడిగితే ఆగను. దినం అంటే రోజు, నిజమే. కానీ మా జేజి 'మా దినాల్లో' అంటే ఆమె కాలమంతా. 'కరువు దినాలు' అంటే ఏళ్లు. 'వానికి దినాలు బాగలేవు' అంటే వాని గ్రహచారం. మనిషి పోతే పదకొండోనాడు చేసేదీ దినాలే, అక్కడ అది కర్మ. ఒక్క మాటలో గంట నుంచి యుగం దాకా పడుతుంది, అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఎండలో రాయి తడిసినట్టు, ఒక్కసారిగా లోపలి చారలన్నీ కనిపించాయి.

"మా అమ్మ 'గంజి దినాలు' అనేది మేడం! ఊళ్లో గంజి పోసిన కరువు. ఆ గంజి దినాలు మూడేండ్లు. మా పేటలో ముసిలోళ్లందరూ అట్లనే అంటారు. మూడేండ్లను దినాలనే నోరు, ఆరు దినాలు అనేటప్పుడు మాత్రం గడియారం ఎందుకు చూస్తాది?"

వెంటనే తనే తగ్గాడు. "అసలు రాసింది తెలుగులో గాదు లెండి. ఆ భాషలో ఏముందో అది చదివినోళ్లు చెప్పల్ల, నాకు తెల్దు. కానీ మావాళ్లు ఇనేది తెలుగులోనే గదా. దీంతో అంతా తేలిపోతాదని గాదు మేడం. తలుపు రోంత తెరుచుకుంటే చాలు."

కాసేపు బల్ల మీద వేలితో గీశాడు. అప్పుడు అడిగాడు.

"మీరొచ్చి ఈ మాటలే చెప్తారా? నేను చెప్తే సైంటిస్టు మాట అంటారు, ఇనరు. మీరు చెప్తే తెలుగు మాట."

వస్తానన్నాను. వెనకా ముందూ చూడకుండా అన్నాను. ఆ ఏడేళ్లలో ఆయన నన్ను ఏ సాయమూ అడగలేదు.

వారమంతా ఆయన నాతో ఆ విషయం ఎత్తలేదు. శనివారం మాత్రం బస్సు టైము చెప్పి, కమలాపురంలో దిగితే తానే వచ్చి తీసుకుపోతానన్నాడు.

ఆదివారం పొద్దున లేచి తలస్నానం చేశాను. మంచి చీర కట్టుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద కూడా రాసుకున్నాను. ఆ తర్వాత మంచం మీద కూచున్నాను, లేవలేదు.

ఎవరూ ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేది, ఈ పాటికి వాళ్ల మీద తోసేసి హాయిగా ఉండేదాన్ని. మా మేనత్తవాళ్ల పొలాలు ఆ పల్లెలోనే. పొలానికి పోయేవాళ్లు రోడ్డు మీద నన్ను చూస్తారు. పలానా వాళ్ల అమ్మాయి పేటలోకి పోయి చర్చిలో కూచుందంట అని మధ్యాహ్నానికి మైదుకూరు దాకా పాకుతుంది. మతం మారిందంట అని సాయంత్రానికి. రెండోదానికి నేను అంతగా భయపడలేదు. పేటలోకి పోయింది అన్న మాటకే భయపడ్డాను. నలభై మంది పిల్లల ముందు సమానత్వం మీద పద్యాలు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని, బస్సెక్కి ఒక వీధిలోకి పోలేకపోయాను. సిగ్గులేని మనిషిని.

ఫోను చేసి, "జ్వరం సార్, లేవలేకపోతున్నా," అన్నాను.

"అయ్యో, పండుకోండి మేడం, పండుకోండి. కషాయం తాగండి," అన్నాడు. వెనకాల బస్టాండు గోల వినపడుతోంది. అప్పటికే వచ్చి నిలబడ్డాడు.

సోమవారం పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి, "తగ్గిందా?" అన్నాడు. తగ్గింది అన్నాను. నిన్న ఏమైంది అని అడగడానికి నాకు మధ్యాహ్నం దాకా నోరు రాలేదు.

"ఏముంది మేడం. ఆదివారం నాకు రోంత తీరిక దొరికింది," అన్నాడు.

దేవుడు చేసినాడని ఎన్నిసార్లయినా చెప్తా, ఎన్ని గంటల్లో చేసినాడో నాకు తెలిసినట్టు పిల్లోళ్లకు చెప్పలేను అన్నాడట వాళ్లతో. అంతకుమించి వాదించలేదట. వాదించి ఉంటే ఇంకో నెల గడువు దొరికేదేమో. ఆయనకు వాదించడం చేతకాదు, తెల్దని చెప్పడమే చేతనవును. బడి ఇంకొకరికి ఇచ్చేశారు.

అయినా మానలేదు, మొదటి బస్సుకే పోయేవాడు. లోపల పిల్లలు పాఠం గట్టిగా అప్పజెబుతుంటే బయట అరుగు మీద కూచునేవాడు, గంట అయ్యాక ఆరాధనకు లోపలికి పోయి వెనక గోడకు ఆనుకునేవాడు. అలవాటు పడ్డ ఎద్దు గానుగ లేకపోయినా తిరిగినట్టు ఇదేం పోకడండీ, కడపలోనే ఇన్ని చర్చిలున్నాయి, ఎవరూ ఏమీ అడగని చోటికి పోవచ్చు గదా అని కసురుకున్నాను. తప్పు చేసినవాళ్లకు కోపం ఎక్కువ.

"అడగని చోట ఏం జేస్తా మేడం? వీళ్లన్నా నన్ను అడుగుతాండారు," అన్నాడు.

ఆయనకు నా మీద కోపం వచ్చిందేమో అని చాలాకాలం వెతికాను. రాలేదు. వస్తే బాగుండేది. ఆ తర్వాత కూడా నాలుగేళ్లు కొండలకు కలిసే పోయాం. నేను మాత్రం ఆయన పక్క సీట్లో కూచోవడం మానేశాను, ఆడపిల్లల దగ్గర ఉండాలని సాకు చెప్పి. ఆయన కిటికీ పక్కన ఒక్కడే కూచుని, ఒళ్లో సుత్తి సంచి పెట్టుకుని, కొండలు చూసేవాడు. చూపించడానికి ఏదైనా కొత్త పొర కనపడితే వెనక్కి తిరిగేవాడు. నేను నిద్రపోతున్నట్టు నటించేదాన్ని.

రిటైరయ్యాక ఊరికే పోయాడు, అక్క దగ్గరికి. రెండేళ్ల కిందట ఒక పొద్దున మా పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది, ప్రభువునందు నిద్రించారని. కమలాపురంలో బస్సు దిగి నడుచుకుంటూ పోయాను. పొలాల్లో ఎవరున్నారో తలెత్తి చూడలేదు. ఇప్పుడు చూసి చెప్పుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు. పేటలోకి పోవడానికి బస్సు దిగిన చోటు నుంచి పది నిమిషాలు. అంతే దూరం.

చర్చిలో నేలంతా చాపలు పరిచారు. ఆ అలల బండ ఏదో నాకు తెలియలేదు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. పాస్టరు ఆయనే, జుట్టు నెరిసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చాడు కూడా. "వారు పెద్ద సైంటిస్టు. అయినా చివరిదాకా ప్రభువును విడువలేదు," అన్నాడు. భూస్థాపనకు ముందు, కాలేజీవాళ్లెవరినైనా రెండు మాటలు చెప్పమన్నాడు. ఫిజిక్సు సారు లేచి, ఆయనకు దైవభక్తి జాస్తి, అయినా పనిలో మాత్రం నిప్పు అన్నాడు. ఎవరి 'అయినా' వాళ్లది.

నేను లేచాను. "నేను తెలుగు పంతులమ్మను, తప్పు దిద్దడం నా పని," అన్నాను. "మీరిద్దరూ వాడిన 'అయినా' తప్పు. అక్కడ 'కాబట్టి' ఉండాలి. ఆయన దేవుణ్ని నమ్మాడు కాబట్టి రాతిని అంత ఓపిగ్గా చదివాడు. రాతిని చదివాడు కాబట్టి తెలియనిదాన్ని తెలియదని దేవుడి ముందు కూడా ఒప్పుకున్నాడు." అప్పుడు దినం గురించి చెప్పాను. కరువు దినాలు, గంజి దినాలు. గంజి దినాలు అనగానే ముసలివాళ్లు తలలూపారు. పాస్టరు తలదించుకుని విన్నాడు. ఎన్నో ఏళ్ల కిందట చెప్పాల్సిన మాట చెప్పేశాను. కూచున్నాక ఒళ్లు తేలికైంది. నిజం చెప్పాలంటే, కాస్త గర్వంగా కూడా ఉండింది.

పక్కనున్న ముసలామె నా చెయ్యి పట్టుకుంది. ఆయన అక్క. చూపు ఆనదు, మొహం దగ్గరగా తెచ్చింది.

"నువ్వేనామ్మా తెలుగు మేడం?"

"అవునమ్మా."

"ఆ పొద్దు జ్వరమొచ్చి రాలేకపోయింది నువ్వే గదా?"

నేను తలూపాను.

"పెద్దోళ్లంతా కూచ్చోనుండిరి, వాణ్ని అడగల్లని. వాడు బస్టాండు నుంచి ఒక్కడే వచ్చినాడు. ముందు మా మేడానికి ప్రార్థన జేద్దాం, శానా జ్వరమంట, ఒక్కతే ఉంటాది, నా సంగతి తర్వాత చూస్తురు గానీ అనినాడు. అందర్నీ మోకాళ్ల మీద కూచ్చోబెట్నాడు. పాస్టరయ్య గూడా చేసినాడు నీకోసరం. ఎంతసేపు చేస్తిమో. వాడైతే ఏడ్సినాడు." ఆమె నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "తగ్గిందామ్మా ఆ జ్వరం?"

"తగ్గిందమ్మా. మర్నాటికే తగ్గింది," అన్నాను.

"దేవునికి స్తోత్రం," అని ఆమె నా చెయ్యి కళ్లకద్దుకుంది. విడిపించుకునే మొహం నాకు లేదు.